ప్రదర్శన కళల సన్నాహక విద్య

సంగీతం, నాట్యం, నాటకం, జానపద కళారూపాలు, వీటికి తెరవెనుక ఊతమిచ్చే సాంకేతిక విద్యలు డిగ్రీ, పీజీ స్థాయిలో చదవాలనుకునేవారిని ముందుగా సిద్ధం చేసే శిక్షణే ప్రదర్శన కళల సన్నాహక విద్య. బడిలో ఆ కళను పాఠంగా చదవనివారు, చదువు మధ్యలో ఆపేసినవారు, ఇంట్లో తరతరాలుగా కళ ఉన్నా చేతిలో కాగితం లేనివారు విశ్వవిద్యాలయం గుమ్మం దాకా రావడానికి ఇది దారి. తెలుగు నేల మీద ఈ విద్య ఒకే పేరుతో, ఒకే చట్రంలో లేదు. సర్టిఫికెట్ కోర్సు, డిప్లొమా, సాయంకాలపు తరగతి, శిక్షణ శిబిరం, దూరవిద్య అర్హత పరీక్ష వంటి రూపాల్లో విడివిడిగా కనిపిస్తుంది. ఈ వ్యాసం ఆ రూపాలన్నిటినీ పరిచయం చేస్తూ, మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర మండలాన్నీ దాని చుట్టూ ఉన్న పాత వరంగల్ జిల్లా ప్రాంతాన్నీ ఉదాహరణగా తీసుకుంటుంది.

నిర్వచనం, పరిధి

సన్నాహక కోర్సు అనిపించుకోవాలంటే మూడు పనులు చేయాలి. కళలో కనీస నైపుణ్యం ఇవ్వాలి. ఆ కళ గురించి చదివి, రాసి, మాట్లాడే అలవాటు చేయాలి. పైచదువులో చేర్చుకోవడానికి పనికొచ్చే అర్హతను చేతిలో పెట్టాలి. మొదటిది మాత్రమే చేస్తే అది అభిరుచి తరగతి. ప్రవేశ పరీక్ష కిటుకులు మాత్రమే చెబితే అది కోచింగ్. తెలుగునాట నడిచే కోర్సుల్లో మొదటి పని బాగా జరుగుతుంది, రెండోది కొంతవరకు జరుగుతుంది, మూడోది చాలాచోట్ల జరగదు.

ప్రదర్శన కళలు అంటే ప్రేక్షకుల ఎదుట మనిషి తన గొంతు, ఒళ్లు, వాద్యం సాధనాలుగా ప్రదర్శించేవి. రంగాలంకరణ, రంగోద్దీపనం, ధ్వని, దుస్తులు, ముఖాలంకరణ, ప్రదర్శన నిర్వహణ వాటిని నిలబెట్టే సాంకేతిక విద్యలు. భరతుడి నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా విభజించింది. దుస్తులు, రంగు, ఆభరణాలు ఆహార్యం కింద అందులోనే చేరాయి కాబట్టి తెరముందు, తెరవెనుక అనే విభజన మన సంప్రదాయంలో అంత గట్టిది కాదు. నేటి కోర్సుల్లో మాత్రం అది గట్టిగానే ఉంది.

పేర్లలో తికమక

తెలుగు రాష్ట్రాల్లో ‘సర్టిఫికెట్’, ‘డిప్లొమా’ అనే మాటలకు సంస్థను బట్టి అర్థం మారుతుంది. ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలల్లో సర్టిఫికెట్ నాలుగేళ్లు, దానిపై డిప్లొమా రెండేళ్లు. విశ్వవిద్యాలయాల సాయంకాలపు కోర్సుల్లో డిప్లొమా తరచు ఒక ఏడాదితో ముగుస్తుంది. జాతీయ నాటక పాఠశాల ఇచ్చే డిప్లొమాలో డిగ్రీ అయ్యాకే చేరాలి, అది మూడేళ్లు సాగుతుంది. ఒకే పేరున్న మూడు కాగితాలు మూడు వేర్వేరు ఎత్తుల్లో ఉండటంతో, ఏది దేనికి మెట్టు అన్నది పల్లె నుంచి వచ్చే విద్యార్థికి మొదట అర్థం కాదు. ‘కళాశాల’ అనే పేరు చూసి డిగ్రీ వస్తుందనుకుని చేరేవారూ ఉంటారు.

చరిత్ర

పెద్దవంగరకు పొరుగునే ఉన్న పాలకుర్తి పాల్కురికి సోమనాథుడి ఊరు. ఆయన పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం శివరాత్రి ఉత్సవానికి చేరిన ఆటగాళ్లు, పాటగాళ్లు, బొమ్మలాటవారు, వేషధారుల వివరాలు విస్తారంగా ఉన్నాయి. కాకతి గణపతిదేవుడి గజసేనాని జాయప 1253-54 ప్రాంతంలో రాసిన నృత్తరత్నావళిలో మొదటి నాలుగు అధ్యాయాలు మార్గ పద్ధతికి, తరువాతి నాలుగు దేశి నృత్యాలకు దక్కాయి. జనం ఆడే ఆటను శాస్త్రం సగం పుస్తకంలో కూర్చోబెట్టుకున్న కాలం అది (చూ. పేరిణి, రామప్ప గుడి).

ఆనాటి కళావిద్యకు ప్రవేశార్హత పుట్టుకే. చిందు యక్షగానం ఆడే కుటుంబాలకు ఊళ్ల మీద మిరాశీ హక్కు ఉండేది. ఆ ఊళ్లలో ఆడే హక్కుతోపాటు ఆట నేర్పే బాధ్యతా తండ్రి నుంచి కొడుక్కు వచ్చేది. ఒగ్గుకథ కురుమ, గొల్ల కుటుంబాల్లో, కూచిపూడి భాగవతం ఆ ఊరి బ్రాహ్మణ కుటుంబాల్లో, సన్నాయి డోలు మంగలి కుటుంబాల్లో సాగాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన సురభి నాటక సమాజంలో బడి, ఇల్లు, రంగస్థలం ఒకటే. ఆ ఇంటి పిల్లలు మాటలు నేర్చే వయసుకే కృష్ణుడి వేషం కట్టేవారు. తెర వెనక్కి వెళ్తే తాడు లాగడం, తెర చుట్టడం, ట్రిక్ సీను అమర్చడం నేర్చుకునేవారు. ఆ ఇంట పుట్టినవారికి ఇంతకంటే మంచి సన్నాహక విద్య లేదు. పుట్టనివారికి మాత్రం అది మూసిన తలుపు.

ఆ తలుపును మొదట తెరిచింది విజయనగరం. 1919లో విజయరామ గజపతిరాజు అక్కడ సంగీత కళాశాల స్థాపించారు. ఆస్థానంలోని చాగంటి జోగారావు కుమారుడు, చూపులేని గంగరాజుకు సంగీతం నేర్పించమన్న అభ్యర్థనే దానికి కారణమని చెబుతారు. ఒక్క కుర్రవాడికి అడిగిన చదువు అందరి కళాశాల అయింది. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ ఆచార్యులై, తరువాత 1936లో అధ్యక్ష పదవి చేపట్టారు. ఘంటసాల వెంకటేశ్వరరావు ఈ కళాశాల కోసం కుర్రతనంలో ఇల్లు వదిలి వెళ్లారు. పట్రాయని సీతారామశాస్త్రి చేరదీసి పాఠం చెప్పారు. ఘంటసాల భోజనానికి వీధుల్లో మధుకరం ఎత్తి చదువు పూర్తిచేశారు. కళావిద్యకు దారి వేయడమంటే సీటు ఇవ్వడంతో సరిపోదు, పూట గడిచే ఏర్పాటూ చూడాలి అనడానికి తెలుగువారికి ఇంతకంటే తెలిసిన ఉదాహరణ లేదు.

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి శిక్షణను మరో దారి పట్టించింది. కార్యకర్తలకు బుర్రకథ, పాట, వీధి నాటకం నేర్పి ఊళ్లకు పంపింది. కాగితం ఇవ్వలేదు, పరీక్ష పెట్టలేదు. అయినా ఆ శిబిరాల్లో తేలినవారు తరువాత నాటకంలో, సినిమాలో వృత్తి కళాకారులయ్యారు. తెలుగు ప్రాంతంలో శిబిరం అనే పద్ధతికి మూలం అక్కడే ఉంది.

సంస్థల దశ తరువాత వచ్చింది. 1959లో తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం సంగీత నృత్య కళాశాల మొదలైంది. అదే ఏడాది ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ నీడన జాతీయ నాటక పాఠశాల పుట్టి 1975లో స్వతంత్ర సంస్థ అయింది. 1985 డిసెంబరు 2న హైదరాబాద్‌లో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడింది. అంతకుముందున్న సాహిత్య, సంగీత, నృత్య, నాటక, లలితకళా అకాడమీలు అందులో కలిశాయి. దీర్ఘకాలం పొట్టి శ్రీరాములు పేరున ఉన్న ఈ విశ్వవిద్యాలయానికి తెలంగాణ ప్రభుత్వం సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. 1988లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం సరోజినీ నాయుడు పేరిట కళల విభాగం తెరిచి రంగస్థలం, నృత్యాల్లో పీజీ చదువు ప్రారంభించింది.

తెలంగాణలో ఉన్న మెట్లు

కింది మెట్టు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలు. పాత వరంగల్ జిల్లాకు వరంగల్‌లోని విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల దిక్కు. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో శ్రీ త్యాగరాజ, భక్త రామదాసు, అన్నమాచార్య కళాశాలలున్నాయి. గాత్రం, వీణ, వయొలిన్, వేణువు, మృదంగం, తబలా, సితార్, నాదస్వరం, డోలు, కూచిపూడి, భరతనాట్యం వంటి వాటిలో కొన్ని ఒకచోట, కొన్ని ఇంకోచోట ఉంటాయి. పదేళ్ల పిల్లలు మొదలుకొని ఉద్యోగుల దాకా చేరవచ్చు. తరగతులు చాలావరకు సాయంత్రాలే కాబట్టి బడికీ ఉద్యోగానికీ అడ్డురావు. రుసుము స్వల్పం. సామాన్య కుటుంబానికి అందేది, శాస్త్రబద్ధంగా ఉండేది ఇదొక్కటే.

ఇందులో ఒక చిక్కుంది. సర్టిఫికెట్ నాలుగేళ్లు, డిప్లొమా రెండేళ్లు కలిపి ఆరేళ్లు చదివినా అది డిగ్రీకి సమానం కాదు. పీజీలో చేరాలంటే ఏదో ఒక విశ్వవిద్యాలయం ఇచ్చిన డిగ్రీ ఉండాల్సిందే. అందువల్ల వీణలో డిప్లొమా ఉన్న విద్యార్థి పగలు వాణిజ్యశాస్త్రమో రసాయనశాస్త్రమో చదివి డిగ్రీ తెచ్చుకుని, అప్పుడు వీణలో పీజీకి వెళ్లాలి. మెట్లు ఉన్నాయి గాని నడుమ ఒక మెట్టు వేరే ఇంట్లో ఉంది.

రెండో మెట్టు తెలుగు విశ్వవిద్యాలయం కోర్సులు. హైదరాబాద్‌తోపాటు కూచిపూడిలోని సిద్ధేంద్రయోగి కళాపీఠంలో సర్టిఫికెట్, డిప్లొమా స్థాయి శిక్షణలు నడిచాయి. హైదరాబాద్‌లో లలిత సంగీతం, జానపద సంగీతం, హరికథ, పద్యనాటకం, మిమిక్రీ వంటి సాయంకాలపు కోర్సులు మరోచోట దొరకడం అరుదు. మిమిక్రీ పాఠ్యాంశం కావడం వెనుక వరంగల్ వాసి నేరెళ్ల వేణుమాధవ్ కృషి ఉంది. ఆయన 1932-2018 మధ్య జీవించారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. ఇదే విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞానపీఠం ఉంది. పెద్దవంగర, జనగామ, భూపాలపల్లి ప్రాంతాల కళారూపాలపై పరిశోధనకు అది ఇల్లు. అయితే పరిశోధనకు వస్తువైన కళాకారుడి ఇంటి పిల్లలు అక్కడ విద్యార్థులుగా చేరడం, కళాకారుడు సమాచారదాతగా వెళ్లడం రెండూ ఒకటి కావు.

మూడో మెట్టు ఇంటర్ చదవనివారిది. 1982లో హైదరాబాద్‌లో స్థాపితమైన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించింది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పద్దెనిమిదేళ్లు నిండినవారికి ఆరు నెలల బ్యాచిలర్ ప్రిపరేటరీ ప్రోగ్రాం నడిపింది. పేరులోనే ‘సన్నాహక’ అని ఉన్న కోర్సు దేశంలో అదే ప్రధానమైనది. ఇవి కళల కోసం పుట్టినవి కావు. కాని నాటక సమాజాల్లో తిరిగి బడి వదిలేసినవారు, పెళ్లయి చదువు ఆగిన నృత్య శిక్షకురాళ్లు డిగ్రీ కాగితం కోసం ఇలాంటి దారులనే ఆశ్రయించాల్సి వచ్చింది.

బోధన జరిగే తీరు

కర్ణాటక సంగీతంలో మొదటి ఏడాది సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలతో గడుస్తుంది. తరువాత గీతాలు, స్వరజతులు, వర్ణాలు, ఆపైన కీర్తనలు. పదిమంది పిల్లలు చాప మీద వరుసగా కూర్చుంటారు. శ్రుతిపెట్టె మోగుతుంటుంది. ఎడమ చివరి అమ్మాయి రెండో కాలంలో తాళం తప్పుతుంది, గురువు ఆమె పేరు పిలవరు, తొడ మీద తాళం కాస్త గట్టిగా వేస్తారు. ఆమె సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు ఏ ప్రశ్నపత్రంలోనూ రాదు, కాని పైచదువులో అంతా దాని మీదే నిలుస్తుంది. పరీక్షల్లో ప్రయోగం, శాస్త్రం రెండూ ఉంటాయి. శాస్త్రంలో రాగ లక్షణాలు, తాళ దశప్రాణాలు, వాగ్గేయకారుల చరిత్ర అడుగుతారు. పిల్లలు బట్టీ పట్టి రాస్తారు. విన్న కచేరీ గురించి సొంత మాటల్లో ఒక పుట రాయమనే ప్రశ్న అరుదు. పీజీ ఇంటర్వ్యూలో అడిగేది మాత్రం సరిగ్గా అదే.

నాటకానికి ఇంత నిలకడైన కింది తరగతి లేదు. ఆ లోటును శిబిరాలు కొంత తీర్చాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం రంగస్థల శాఖ నడిపిన థియేటర్ అవుట్‌రీచ్ యూనిట్ సర్ రతన్ టాటా ట్రస్టు సహాయంతో తెలుగు నాటక శిబిరాలు, ప్రదర్శనలు, ఉపాధ్యాయులకు శిక్షణ నిర్వహించింది. అబిడ్స్‌లోని గోల్డెన్ త్రెషోల్డ్, అంటే సరోజినీ నాయుడు ఇల్లు, దానికి వేదిక అయింది. శిబిరంలో ఊపిరి, గొంతు, కదలిక, ఆశు నటన, పాత్ర విశ్లేషణ ప్రధానం. పది, ఇరవై రోజుల్లో అయిపోతుంది. అది రుచి చూపిస్తుంది, కడుపు నింపదు.

జానపద కళల్లో బోధన ఇంకో రకం. ఒగ్గుకథలో ప్రధాన కథకుడి పక్కన వంతపాడే కుర్రవాడు మొదట తాళం పట్టి, తరువాత డోలు ఎత్తుకుని, ఏళ్లు గడిచాక కథ అందుకుంటాడు. బీరప్ప కథ, మల్లన్న కథ, ఎల్లమ్మ కథ రాత్రంతా సాగుతాయి. ఈ క్రమాన్ని సిలబస్‌గా మార్చడం తేలిక కాదు. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య (1935-2017) తెలుగు విశ్వవిద్యాలయంలో ఒగ్గుకథ బోధించి, అది తరగతి గదిలోనూ ఇముడుతుందని చూపారు. బడిచదువు లేని గురువు ముందు డిగ్రీ విద్యార్థులు కూర్చోవడం విశ్వవిద్యాలయానికీ ఒక సన్నాహమే (చూ. ఒగ్గుకథ, బుర్రకథ).

తెరవెనుక విద్యలు

రంగాలంకరణ, రంగోద్దీపనం, ధ్వని, నిర్వహణలకు తెలుగు నేలలో ప్రత్యేక సన్నాహక కోర్సు కనిపించదు. రంగస్థల పీజీలో ఇవి పేపర్లుగా ఉంటాయి. మాసాబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయంలో చిత్రలేఖనం, శిల్పం, అనువర్తిత కళ, ఫొటోగ్రఫీ, యానిమేషన్ డిగ్రీలున్నాయి. ఆ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది, అందులోని లలితకళల కళాశాలకు 1940 నుంచి చరిత్ర ఉంది. ప్రవేశ పరీక్షలో బొమ్మ గీయాలి. పల్లె బడిలో డ్రాయింగ్ టీచరు ఉన్నారా లేరా అన్నదే ఆ పరీక్ష ఫలితాన్ని సగం తేల్చేస్తుంది. సినిమా వైపు చూస్తే 1960లో పుణెలో ఏర్పడిన చలనచిత్ర సంస్థ, 2011లో హైదరాబాద్‌లో మొదలైన అన్నపూర్ణ సినిమా, మీడియా కళాశాల పేరున్నవి. మొదటిది పోటీ ఎక్కువున్న ప్రభుత్వ సంస్థ, రెండోది ప్రైవేటు.

విచిత్రమేమంటే ఈ విద్యలకు పల్లెలో కొరత లేదు, గుర్తింపే లేదు. జాతరకు మైక్‌సెట్టు కట్టే కుర్రవాడికి ఏ స్పీకరు ఎటు తిప్పితే కూత రాదో తెలుసు. టెంట్‌హౌస్‌లో పనిచేసేవాడు గంటలో వేదిక నిలబెట్టి, గాలి ఎటు వీస్తుందో చూసి పరదా కడతాడు. చిందు వేషధారి ముఖానికి అర్దళం పూసి, అద్దం ముందు కనుబొమలు దిద్దుకుని, తేలికైన పొనికి కర్రతో చేసిన కిరీటం, భుజకీర్తులు బిగించుకునేసరికి రెండు మూడు గంటలు పడుతుంది. భుజకీర్తి తాడు ఎంత బిగువుండాలో అతని చేతికి తెలుసు. బిగువు ఎక్కువైతే గంతు వేయలేడు, తక్కువైతే యుద్ధ ఘట్టంలో జారుతుంది. విశ్వవిద్యాలయంలో దీన్నే ఆహార్య రూపకల్పన పేరుతో ఒక సెమిస్టరు చదువుతారు.

ముందే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్ర ప్రభుత్వ నైపుణ్య పథకాల్లో 2015 తరువాత విస్తరించింది. కళల డిగ్రీ ప్రవేశానికి దాన్ని లెక్కలోకి తీసుకోవడం ఇంకా అలవాటుగా మారలేదు.

పెద్దవంగర నుంచి చూస్తే

పెద్దవంగర 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మండల కేంద్రమైంది. అంతకుముందు వరంగల్ జిల్లా కొడకండ్ల మండలంలో ఉండేది. అదే రోజు పాత వరంగల్ జిల్లా జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి తదితర జిల్లాలుగా విడిపోయింది. జిల్లా కేంద్రాలు దగ్గరకొచ్చాయి గాని సంగీత నృత్య కళాశాల వరంగల్‌లోనే ఉంది.

చుట్టుపక్కల కళాసంపద తక్కువేమీ కాదు. పక్క జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య 2024లో పద్మశ్రీ పొందారు. పోతన ఊరుగా పేరున్న బమ్మెర పాలకుర్తి మండలంలోదే. మహబూబాబాద్ జిల్లా తండాల్లో తీజ్ పాటలు, ఆటలు ఏటా సాగుతాయి. ములుగు, భూపాలపల్లి వైపు కోయ డోలీలు మేడారం వీరగాథలు పాడతారు. బతుకమ్మ, కోలాటం సంగతి చెప్పనక్కర్లేదు.

తండ్రి ఒగ్గు డోలు కొట్టే ఇంటి అమ్మాయి పదో తరగతి పాసైందనుకుందాం. ఇంటర్‌లో ఆమె ముందున్నవి ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ గ్రూపులు. సంగీతం నేర్వాలంటే సాయంత్రం వరంగల్ వెళ్లాలి. తరగతి అయ్యాక ఊరికి బస్సు దొరుకుతుందా అన్నది స్వరస్థానాలకంటే ముందు వచ్చే ప్రశ్న. హాస్టల్లో ఉందామంటే కాలేజీ హాస్టలు వేళలు సాయంకాలపు తరగతికి కుదరాలి. అక్కడ చేరినా ఆమెకు తెలిసిన డోలు పాఠ్యాంశం కాదు. కళాశాలలో ఉన్న డోలు నాదస్వరానికి పక్కవాద్యం. పదేళ్లుగా లయలో పెరిగిన ఆమె, లయ అంటే తెలియని పిల్లల పక్కన మొదటి ఏడాది తరగతిలో కూర్చోవాలి. లంబాడా ఇంటి పిల్లలకు దీనికి తోడు భాష. ఇంట్లో గోర్‌బోలి, పాఠం తెలుగులో, కీర్తన సంస్కృతంలోనో గ్రాంథికంలోనో ఉంటుంది.

ప్రవేశ పరీక్షలు

రంగస్థల పీజీకి ఏ డిగ్రీ అయినా చాలు. రాతపరీక్ష తరువాత నటన, ఇంటర్వ్యూ ఉంటాయి. జాతీయ నాటక పాఠశాల నిబంధనలు ఇంకా గట్టివి. డిగ్రీ ఉండాలి, వయసు 18 నుంచి 30 మధ్య ఉండాలి, కనీసం ఆరు నాటక ప్రదర్శనల్లో పాల్గొని ఉండాలి, హిందీ ఇంగ్లిషులతో పని నడిపించగలగాలి, రంగస్థల నిపుణుల సిఫారసు లేఖ తేవాలి. చివరి దశలో శిబిరం పెట్టి ఎంపిక చేస్తారు. చేరినవారందరికీ ఉపకారవేతనం ఉంటుంది. తెలుగు పల్లె విద్యార్థికి వీటిలో నటన అడ్డంకి కాదు. భాష, సిఫారసు లేఖ, ఆరు ప్రదర్శనలకు రుజువు అసలైన అడ్డంకులు. బెంగళూరులోని ఈ పాఠశాల కేంద్రం దక్షిణాది అభ్యర్థులకు ఏడాది నటన శిక్షణ ఇస్తుంది. ఢిల్లీకి వెళ్లేముందు అది ఉపయోగపడే మెట్టు.

ఇతర ప్రాంతాలు, దేశాలు

కర్ణాటకలోని హెగ్గోడు పెద్దవంగర లాంటి పల్లెటూరే. అక్కడ 1949లో మొదలైన నీనాసం సంస్థ, కె.వి. సుబ్బణ్ణ నాయకత్వంలో 1980లో రంగశిక్షణ కేంద్రం తెరిచి ఏడాది డిప్లొమా ఇస్తోంది. పిల్లలు అక్కడే ఉండి నటన, దర్శకత్వంతోపాటు వడ్రంగం, లైట్లు, దుస్తులు అన్నీ చేతితో నేర్చుకుంటారు. 1985 నుంచి తిరుగాట పేరుతో ఊరూరా నాటకాలు ఆడుతున్నారు. నగరానికి పోకుండా పల్లెలోనే ఇటువంటి చదువు నిలబడుతుందని అది నిరూపించింది. తెలుగులో దానికి సాటి సంస్థ లేదు.

ఇంగ్లండులో 1978 నుంచి పెరుగుతూ వచ్చిన ‘యాక్సెస్’ కోర్సులు ప్రపంచంలో ఈ విద్యకు స్పష్టమైన నమూనా. బడి వదిలిన పెద్దలకు సాధారణంగా ఏడాదిలో 60 క్రెడిట్ల డిప్లొమా ఇస్తారు. అందులో 45కు గ్రేడ్లుంటాయి. ప్రదర్శన, రంగసాంకేతిక కళలకూ ఈ డిప్లొమా ఉంది. అది చూపితే విశ్వవిద్యాలయాలు డిగ్రీలోకి పరిశీలిస్తాయి. కోర్సు కోసం తీసుకున్న అప్పు ఆ తరువాత డిగ్రీ పూర్తి చేసినవారికి రద్దవుతుంది. పైమెట్టు ఎక్కితే కిందిమెట్టు ఖర్చు మాఫీ అన్న ఈ ఏర్పాటు గమనించదగినది.

అమెరికా తెలుగువారిలో సిలికానాంధ్ర సంస్థ సంపద పేరుతో తెలుగు విశ్వవిద్యాలయం అనుబంధంతో కూచిపూడి, కర్ణాటక సంగీత సర్టిఫికెట్ పరీక్షలు నిర్వహించింది. 2016లో కాలిఫోర్నియా మిల్పిటాస్‌లో సిలికానాంధ్ర విశ్వవిద్యాలయం స్థాపించి వాటిపై డిప్లొమా, పీజీ చదువులు కట్టింది. కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా ఒకే గొలుసుగా ఉన్న తెలుగు ఏర్పాటు సముద్రం అవతల దొరకడం కాస్త చివుక్కుమనిపించే సంగతి.

ఆర్థిక సహాయం

1979లో ఏర్పడిన కేంద్ర సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రానికి హైదరాబాద్‌లో ప్రాంతీయ కార్యాలయం ఉంది. అది 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ప్రతిభా ఉపకారవేతనాలిస్తుంది. పరంపరగా కళ ఉన్న కుటుంబాల పిల్లలకు అందులో కొన్ని ప్రత్యేకంగా కేటాయిస్తారు. 18-25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్లపాటు ఇచ్చే కేంద్ర పథకం వేరే ఉంది. 15 నుంచి 17 ఏళ్ల నడుమ, అంటే ఇంటర్ వయసులో, ఈ రెండిట్లో దేనికీ కొత్తగా దరఖాస్తు చేసుకునే వీల్లేదు. పల్లెల్లో ఎక్కువమంది పిల్లలు కళ వదిలేసే వయసు అదే.

చర్చనీయాంశాలు

జానపద కళలను కోర్సులుగా మార్చడంపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. రాత్రంతా సాగే కథను నలభై నిమిషాల పీరియడుకు కత్తిరిస్తే మిగిలేది నమూనా మాత్రమేనని ఒక వాదం. కోర్సు లేకపోతే ఆ నమూనా కూడా మిగలదని, పైగా కులవృత్తిగా మాత్రమే ఉన్న కళను ఇష్టమైనవారెవరైనా నేర్చుకునే వీలు కోర్సుతోనే వస్తుందని మరో వాదం. రెండోదానికి ఒక ఎదురు ప్రశ్న ఉంది. కళ అందరిదీ అయ్యాక, దాన్ని శతాబ్దాలుగా అవమానాల మధ్య మోసిన కుటుంబాల పిల్లలకు బోధన ఉద్యోగాల్లో వాటా ఉంటుందా? 2014లో ఏర్పడిన తెలంగాణ సాంస్కృతిక సారథి 550 మంది కళాకారులకు జీతాలిచ్చి, చదువు కాగితం కంటే గొంతుకు విలువ కట్టవచ్చని చూపింది. విశ్వవిద్యాలయాలు ఆ దారి పట్టలేదు.

2020 జాతీయ విద్యావిధానం డిగ్రీలో ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమాతో బయటికొచ్చి మళ్లీ చేరే వీలు ప్రతిపాదించింది. సంగీత నృత్య కళాశాలల ఆరేళ్ల చదువుకు ఆ క్రెడిట్లు లెక్కగట్టి ఇస్తే పైన చెప్పిన నడుమ మెట్టు సమస్య చాలావరకు తీరుతుంది. అందుకు కొత్త భవనాలు అక్కర్లేదు.

అంతవరకు ఈ ప్రాంతం నుంచి కళల్లోకి వెళ్లదలచినవారికి ఇంటర్‌లో, డిగ్రీలో ఏ గ్రూపు తీసుకున్నా రంగస్థల పీజీకి అడ్డు కాదు. ఆడిన ప్రతి ఆటకూ కరపత్రం, తేదీ, ఊరి పేరు, వేషంలో దిగిన ఒక ఫొటో దాచుకోవాలి. బడి వార్షికోత్సవంలో వేసిన నాటికైనా, జాతరలో వంతపాడిన కథైనా సరే. ప్రవేశ పరీక్షలో అనుభవానికి రుజువు అడిగినప్పుడు చూపడానికి ఉండేవి అవే.